డీటీపీఏ స్కాన్, ఇంటర్ కెమిస్ట్రీ, భావనపాడు ఇసుక: ఐసోటోపుల గురించి అడిగినదానికి

సోంపేట వైపు నుంచి మీరు రాసిన ప్రశ్నలో నిజానికి నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మీ అన్నయ్యకి కిడ్నీ ఇవ్వడానికి అమ్మగారు ముందుకొచ్చారు. దాతకి చేసే పరీక్షల్లో భాగంగా విశాఖలో డీటీపీఏ స్కాన్ (కిడ్నీల పనితీరు చూసే పరీక్ష) రాసి, "రేడియో ఐసోటోప్ ఎక్కిస్తాం" అన్నారు. ఇంట్లో చంటిపాప ఉంది కాబట్టి ఏమవుతుందోనని మొదటి టెన్షన్. ఇంటర్ చదివే మీ అబ్బాయి పుస్తకం చూసి "ఐసోటోప్ అంటే న్యూట్రాన్ల తేడా, అంతే" అన్నాడు. మరి రేడియేషన్ ఎక్కడిది అన్నది రెండోది. ఇవి ఇంకా దేనికి పనికొస్తాయన్నది మూడోది. భావనపాడు తీరంలోని ఇసుక, కొవ్వాడ అణు విద్యుత్ ప్లాంటు గొడవ కూడా ఇదేనా అన్నది నాలుగోది.

నాది బొబ్బిలి. విశాఖలో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. మీ అమ్మగారికి వేయబోయే సూది మందుని కొలిచి సిరంజిలోకి తీసేది మాలాంటి వాళ్ళమే. కాబట్టి స్కాన్ సంగతి ముందు చెప్పేస్తాను, అది తేలితే మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

భయపడాల్సింది లేదు. ఆ సూదిలో ఉండేది టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయుష్షు 6 గంటలు, అంటే ప్రతి 6 గంటలకీ ఉన్నదాంట్లో సగం చల్లారిపోతుంది. ఒక రోజు గడిస్తే పదహారో వంతు మిగులుతుంది, రెండున్నర రోజులకి వెయ్యో వంతు. ఇది ఒంట్లో కదలకుండా కూర్చుంటే ఉండే లెక్క. డీటీపీఏ అనే మందు అలా కూర్చోదు, రక్తంలోంచి కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలోకి తోసేస్తాయి. దాతగా వెళ్తున్నారంటే అమ్మగారి కిడ్నీలు బాగానే ఉండి ఉంటాయి. పొద్దున్న 11 గంటలకి సూది వేయించుకుని సాయంత్రం రైల్లో సోంపేటలో దిగేసరికి అందులో చాలా భాగం ఒంట్లోంచి వెళ్ళిపోయి ఉంటుంది. ఈ స్కాన్ వల్ల ఒంటికి అందే రేడియేషన్ దాదాపు 1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క అది). నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనందరికీ ఏడాదికి సగటున 2 మిల్లీసీవర్ట్‌లకి పైగానే అందుతుంది.

అలాగని పట్టనట్టు ఉండమని కాదు. ఆ రోజు నీళ్ళు బాగా తాగించండి (డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప), తరచుగా మూత్రానికి వెళ్ళమనండి, బాత్‌రూమ్‌లో నీళ్ళు ఎక్కువ పోయమనండి. మర్నాటి పొద్దుటి దాకా పాపని గంటల తరబడి ఒళ్ళో పెట్టుకోవద్దు, పక్కలో పడుకోబెట్టుకోవద్దు. ఎత్తుకుని ముద్దాడి దించేస్తే ఏమీ కాదు. ఇంట్లో గర్భిణులు ఉంటే వాళ్ళకీ ఇదే జాగ్రత్త. కంచం, గ్లాసు, దుప్పటి వేరు పెట్టడం లాంటివి అక్కర్లేదు. కిడ్నీ దానం చేసే పెద్దావిడని మన ఇంట్లోనే అంటరానిదాన్ని చేసి కూర్చోబెట్టిన సంసారాలు నేను చూశాను. అది మాత్రం చేయకండి.

స్కాన్ ఎందుకు అంటే, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) చూస్తే రెండు కిడ్నీలూ కలిసి ఎంత పని చేస్తున్నాయో తెలుస్తుంది గానీ కుడిది ఎంత, ఎడమది ఎంత అన్నది తెలియదు. దాత విషయంలో అదే ముఖ్యం. రెండింట్లో మెరుగైనది దాతకే ఉంచాలన్నది నియమం. అమ్మగారిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు, వీపు కింద, మందు నుంచి వచ్చే కిరణాల్ని పట్టే గామా కెమెరా ఉంటుంది. చేతి నరానికి సూది వేసిన నిమిషంలోపే తెర మీద ముందు పెద్ద రక్తనాళం, వెంటనే రెండు చిక్కుడు గింజల్లా కిడ్నీలు వెలుగుతాయి. మూడు నుంచి ఐదు నిమిషాలకి వెలుగు శిఖరానికి చేరి, తర్వాత దిగుతూ పోతుంది. మధ్యలో మూత్రం జారీ కావడానికి లాసిక్స్ వేస్తారు. అరగంట కదలకుండా పడుకోవడమే కష్టం. కవిటి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అంతా అయ్యాక లేచి కూర్చుని "అయిపోనాదేటి బాబూ? నాకేటీ తెలీనేదు" అంది. నిజమే, ఏమీ తెలియదు. వేడి పుట్టదు, మంట ఉండదు. సీటీ స్కాన్‌కి ఇచ్చే అయోడిన్ కాంట్రాస్ట్ వేరు, ఇది వేరు. ఆ కాంట్రాస్ట్‌తో బలహీనమైన కిడ్నీలకి ఇబ్బంది ఉండొచ్చు, డీటీపీఏతో ఆ బెంగ లేదు.

ఇప్పుడు మీ అబ్బాయి మాటకి వద్దాం. వాడు చెప్పింది తప్పు కాదు. కేంద్రకంలో ప్రోటాన్లు ఎన్ని ఉంటే అది ఆ మూలకం. 6 ఉంటే కార్బన్, 43 ఉంటే టెక్నీషియం. ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్లు మారితే ఐసోటోపులు. ప్రోటాన్లకి సరిపడా ఎలక్ట్రాన్లు చుట్టూ ఉంటాయి, రసాయన చర్యలన్నీ ఆ ఎలక్ట్రాన్ల పనే. న్యూట్రాన్‌కి ఆవేశం లేదు కాబట్టి ఒకటి పెరిగినా తగ్గినా ఎలక్ట్రాన్లకి దాదాపు తెలియదు. అందుకే పుస్తకంలో "రసాయన ధర్మాలు ఒకటే, భౌతిక ధర్మాలు వేరు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. పరీక్షకి అది చాలు. కానీ ఆ వాక్యం ఎంత పెద్దదో పిల్లలకి ఎవరూ చెప్పరు. ఒంటికి, మొక్కకి, రసాయనానికి తేడా తెలియదు. యంత్రానికి తెలుస్తుంది. ఐసోటోపులతో మనం చేసే పనుల్లో ఎక్కువ భాగం ఈ సందులోంచి పుట్టినవే.

మన జిల్లాల వస్తువులే తీసుకుందాం. నౌపడా ఉప్పు ఉంది కదా. అందులోని సోడియం అంతా ఒకటే రకం, సోడియం-23. క్లోరిన్ మాత్రం రెండు రకాలు. ప్రతి నాలుగు పరమాణువుల్లో సుమారు మూడు క్లోరిన్-35, ఒకటి క్లోరిన్-37. సగటు తీస్తే 35.45 వస్తుంది. పట్టికలో క్లోరిన్ భారం పూర్ణాంకం కాకుండా 35.5 అని ఎందుకుందని పిల్లలు అడిగేదానికి జవాబు అదే, ఏ ఒక్క క్లోరిన్ పరమాణువూ 35.5 బరువు ఉండదు. చీపురుపల్లి, గరివిడి వైపు తవ్వే మాంగనీసు చూస్తే దానికి ప్రకృతిలో ఒక్క ఐసోటోపే, మాంగనీస్-55. బంగారమూ అంతే, 197 ఒక్కటే. తగరానికైతే స్థిరమైనవి 10 ఉన్నాయి. టెక్నీషియానికి స్థిరమైనది ఒక్కటీ లేదు, అందుకే 1937లో మనుషులు తయారుచేసి గుర్తించేదాకా పట్టికలో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

అంటే ఐసోటోప్ అనగానే రేడియేషన్ అని కాదు. ఉప్పులోని రెండు క్లోరిన్లూ ఐసోటోపులే, రెండూ రేడియేషన్ లేని చల్లనివే. కేంద్రకంలో ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, న్యూట్రాన్లు వాటిని పట్టి ఉంచడానికి సాయపడతాయి. తేలిక మూలకాల్లో రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే స్థిరం. సీసం దగ్గరికి వచ్చేసరికి 82 ప్రోటాన్లకి 126 న్యూట్రాన్లు దాకా కావాలి. ఈ పాళ్ళు కుదరనప్పుడు కేంద్రకం తనను తాను సర్దుకుంటుంది. ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌ని విసిరేస్తే అది బీటా. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు మూటగా బయటికి వస్తే ఆల్ఫా. మిగిలిన శక్తిని కిరణంగా వదిలితే గామా. ఇలా సర్దుకునే రకాలనే రేడియో ఐసోటోపులు అంటాం.

ఏ పరమాణువు ఎప్పుడు సర్దుకుంటుందో ఎవరూ చెప్పలేరు. గుంపుగా చూస్తే మాత్రం లెక్క తప్పదు, అదే అర్ధాయుష్షు. వేడి చేసినా, యాసిడ్‌లో వేసినా, మంత్రించినా అది మారదు. ఇక్కడ జనం తలకిందులుగా అనుకునే సంగతి ఒకటుంది. అర్ధాయుష్షు కోట్ల ఏళ్ళు అని వినగానే "బాబోయ్ అన్నేళ్ళా" అంటారు. ఎన్నేళ్ళు పడితే అంత నిదానంగా వదులుతున్నట్టు. అన్నే పరమాణువులు తీసుకుంటే, 6 గంటలదే చాలా ఘాటు.

దీనికి మీ అమ్మగారి సూదే మంచి ఉదాహరణ. టెక్నీషియం-99ఎం గామా వదిలేశాక మాయమైపోదు, టెక్నీషియం-99గా మిగులుతుంది. దాని అర్ధాయుష్షు 2 లక్షల 11 వేల ఏళ్ళు! ఇంటర్నెట్‌లో ఇది చదివి వణుకుతూ వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడు ఒకడు మా విభాగంలో చాలాసేపు వాదించాడు. లెక్క వేసి చూపించాను. సూదిలో ఉండేది 5 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికతకి కొలత) అనుకుంటే, ఆ టెక్నీషియం బరువు గ్రాములో వంద కోట్లవ వంతు లెక్కలో ఉంటుంది. అదంతా దీర్ఘాయుష్షు రకంగా మారాక, మొత్తం ఒంట్లోనే ఉండిపోయిందనుకున్నా, సెకనుకి మహా అయితే ఒకటో రెండో పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. మనం తినే తిండిలోని పొటాషియం-40 వల్ల 70 కిలోల మనిషిలో సెకనుకి 4 వేలకి పైగా విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి, పుట్టిన దగ్గర నుంచి. కుర్రాడు సూది వేయించుకున్నాడు.

పొటాషియం మాట వచ్చింది కాబట్టి ఉద్దానం వాళ్ళకి ఒక పక్క మాట. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని కొబ్బరినీళ్ళు తాగొద్దంటారు. "అందులో రేడియేషన్ ఉందట" అని ఒకాయన నాతో అన్నాడు. అందుకు కాదు. పొటాషియంలో 93 శాతం పొటాషియం-39, ఇంచుమించు 7 శాతం పొటాషియం-41, ఈ రెండూ స్థిరమే. 40 ఉన్నది పదివేలలో ఒక్కటి. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియంని బయటికి పంపలేదు, రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. అది రసాయనం వల్ల వచ్చే ప్రమాదం, ఏ ఐసోటోప్ అయినా ఒకటే. కాబట్టి కొబ్బరినీళ్ళ విషయంలో డాక్టరు మాట వినాల్సిందే.

మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే ఇది చెప్పండి. 6 గంటల్లో సగమైపోయే సరుకుని ఎక్కడో రియాక్టర్‌లో తయారుచేసి విశాఖ దాకా ఎలా తెస్తారు? తేరు. దాని తల్లిని తెస్తారు. యురేనియం-235 చీలినప్పుడు పుట్టే ముక్కల్లో మాలిబ్డినం-99 ఒకటి, దాని అర్ధాయుష్షు 66 గంటలు, విమానంలో తేవడానికి సరిపోతుంది. దాన్ని అల్యూమినా పొడి నింపిన చిన్న గొట్టానికి అంటించి, చుట్టూ సీసం కవచం పెట్టి జనరేటర్ అని పంపుతారు. లోపల మాలిబ్డినం క్రమంగా టెక్నీషియంగా మారుతూ ఉంటుంది. పొద్దున్నే ఒక వైపు సెలైన్ సీసా, రెండో వైపు గాలి తీసేసిన సీసా గుచ్చుతాం. సెలైన్ గొట్టంలోంచి లాక్కుపోతుంది. మాలిబ్డినం అల్యూమినాని వదలదు, టెక్నీషియం కడుక్కుని వచ్చేస్తుంది. ఒకే మూలకపు ఐసోటోపులైతే ఇలా కడిగి విడదీయడం కుదరదు. ఇక్కడ కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్ అయి మూలకమే మారిపోయింది కాబట్టి కెమిస్ట్రీ పనిచేసింది.

మా భాషలో దీన్ని ఆవుని పిండటం అంటాం. ఒకసారి పిండాక మళ్ళీ నిండడానికి ఒక రోజు పడుతుంది. పూటపూటకీ పాలు తగ్గుతాయి కూడా. సోమవారం 500 మిల్లీక్యూరీలు దిగితే గురువారానికి 235 దగ్గరికి వస్తుంది. అందుకే "రేపు రండి, ఎల్లుండి కుదరదు" అని మేం అన్నప్పుడు జనం విసుక్కునేవారు గానీ అది మా బద్ధకం కాదు. పిండిన ద్రవం చూడటానికి మంచినీళ్ళే. రంగు లేదు, వాసన లేదు. డోస్ క్యాలిబ్రేటర్ (మందులోని రేడియోధార్మికతని కొలిచే యంత్రం) బావిలో సీసాని దించినప్పుడు తెర మీద అంకె చకచకా పైకెక్కడం చూస్తేనే అందులో ఏదో ఉందని నమ్మకం కలుగుతుంది. దాన్ని డీటీపీఏ పొడి ఉన్న సీసాలో కలిపితే కిడ్నీల దారి పడుతుంది. ఎండీపీ అనే ఇంకో పొడిలో కలిపితే ఎముకలకి పోతుంది. ఎక్కడికి పోవాలో చెప్పేది పొడి, అక్కడి నుంచి కెమెరాకి కబురు పంపేది ఐసోటోప్. 2009, 10 సంవత్సరాల్లో మాలిబ్డినం-99 తయారుచేసే కెనడాలోని ఎన్‌ఆర్‌యూ రియాక్టర్ ఏడాదికి పైగా ఆగిపోతే ప్రపంచమంతా ఈ స్కాన్లకి కటకట వచ్చింది.

మీ అబ్బాయికి చిన్న సవరణ కూడా: 99ఎం, 99 రెండూ వేర్వేరు ఐసోటోపులు కావు, న్యూట్రాన్లు రెండింటిలోనూ 56. ఒకటి శక్తి ఎక్కువ ఉన్న స్థితి, రెండోది దిగిన స్థితి. వీటిని ఐసోమర్లు అంటారు, ఆర్గానిక్‌లో చదివే ఐసోమర్లతో కలపొద్దని చెప్పండి.

అన్ని రేడియో ఐసోటోపుల్నీ మాత్రం ఒకే గాట కట్టకూడదు. థైరాయిడ్‌కి ఇచ్చే అయోడిన్-131 సంగతి వేరు. అర్ధాయుష్షు 8 రోజులు, గామాతో పాటు బీటా కూడా వదులుతుంది. ఆ బీటాయే మందు. థైరాయిడ్ గ్రంథికి ఉప్పులోని అయోడిన్-127కీ దీనికీ తేడా తెలియదు, ఆబగా లాక్కుంటుంది. బీటా కణం మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లకి మించి పోదు కాబట్టి లాక్కున్న కణాలే కాలిపోతాయి, పక్కవాటికి పెద్దగా తగలదు. ఇంత తెలివైన మందు వైద్యంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. కానీ అది తాగినవాళ్ళు పిల్లలకి, గర్భిణులకి రోజుల తరబడి దూరంగా ఉండాలి. క్యాన్సర్‌కి పెద్ద మోతాదు ఇస్తే విడి గదిలో ఉంచాకే ఇంటికి పంపుతారు. మీ ఊళ్ళో ఎవరో "రేడియో మందు తాగితే వారం రోజులు పిల్లల్ని రానివ్వలేదు" అన్నారని రాశారు, అది ఇదే అయి ఉంటుంది. అమ్మగారి స్కాన్‌కి ఆ రూలు వర్తించదు.

పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 అర్ధాయుష్షు 110 నిమిషాలు. సైక్లోట్రాన్ (కణాల్ని వేగంగా తిప్పి లక్ష్యానికి కొట్టే యంత్రం)లో తయారైన వెంటనే పరుగులు పెట్టి తేవాలి, ట్రాఫిక్‌లో గంట పోతే మూడో వంతు పోయినట్టే. కోబాల్ట్-60 అర్ధాయుష్షు ఐదేళ్ళ పైమాట, మన పెద్దవాళ్ళు క్యాన్సర్‌కి "కరెంటు పెట్టించుకోవడం" అనేది ఎక్కువగా దీనితోనే జరిగేది. ఇప్పుడు చాలాచోట్ల కరెంటుతోనే కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్లు వచ్చాయి, వాటిలో ఐసోటోప్ ఉండదు. ఉల్లిపాయలు మొలకెత్తకుండా, ఆపరేషన్ సామాను, సిరంజిలు శుభ్రం కావడానికి కోబాల్ట్-60 గామాయే వాడతారు. గామా తగిలిన ఉల్లిపాయ రేడియోధార్మికం అయిపోదు, ఎక్స్‌రే తీయించుకున్న మనిషి ఎలా అవడో అలాగే.

పరిశ్రమల్లో ఇరిడియం-192 ఎక్కువ కనిపిస్తుంది, 74 రోజులది. పైపులైన్ వెల్డింగ్ లోపల పగుళ్ళు ఉన్నాయేమో ఫిల్మ్ తీయడానికి. ఈ సందర్భంలో విజయనగరం, శ్రీకాకుళం పాత ఇనుప సామాను వ్యాపారులకి ఒక మాట. 2010లో ఢిల్లీ మాయాపురిలో వాడకం ఆగిపోయిన కోబాల్ట్ యంత్రం ఒకటి తుక్కులోకి చేరింది. విప్పి ముక్కలు చేశారు, ఒకరు చనిపోయారు, ఇంకొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. పసుపు రంగు మీద మూడు రేకుల గుర్తు ఉన్నా, సైజుకి మించి బరువున్న సీసం డబ్బా వచ్చినా విప్పకండి. దూరం జరిగి పోలీసులకి చెప్పండి.

రేడియేషన్ లేని ఐసోటోపుల వాడకం గురించి ఎవరూ అడగరు గానీ నాకు ముచ్చటైనది అదే. మన వైపు తాటి బెల్లం పేరుతో అమ్మేదాంట్లో చెరుకు బెల్లం, పంచదార కలుపుతున్నారని అందరికీ అనుమానం. నాలుకకి దొరకదు, మామూలు ల్యాబ్ పరీక్షలోనూ సుక్రోజ్ సుక్రోజే. కార్బన్ ఐసోటోపులు చూస్తే దొరుకుతుంది. గాలిలోని కార్బన్‌లో సుమారు 1.1 శాతం కార్బన్-13, మిగతాది 12. ఆకు కార్బన్ డయాక్సైడ్‌ని పట్టేటప్పుడు తేలికదాన్ని రవ్వంత ఎక్కువ ఇష్టపడుతుంది. రసాయనానికి ఐసోటోపుల తేడా దాదాపు తెలియదన్నాను కదా, ఆ "దాదాపు" ఇక్కడ పనికొచ్చింది. తాడి, కొబ్బరి, వరి, పూల చెట్లలో ఎక్కువ భాగం ఒక పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ చేస్తాయి. చెరుకు, మొక్కజొన్న, జొన్న, చోళ్ళు ఇంకో పద్ధతి. మొదటి గుంపులో కార్బన్-13, పోల్చడానికి పెట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణం కన్నా వెయ్యికి 25 నుంచి 28 వంతులు తక్కువ ఉంటుంది, రెండో గుంపులో 11 నుంచి 13 వంతులే తక్కువ. ఈ రెండు అంకెలూ ఎక్కడా కలవవు. బెల్లం ముక్కని కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అయస్కాంతం మధ్యకి పంపితే తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ వంగుతాయి, దేనికదే లెక్క తేలుతుంది. చెరుకు ఎంత కలిసిందో శాతాల్లో చెప్పొచ్చు. తేనెలో చక్కెర పాకం కల్తీని పట్టేది ఇదే పరీక్షతో. కల్తీ చేసేవాడు తెలివైనవాడై వరి నుంచి తీసిన పాకం కలిపితే మాత్రం ఈ పరీక్ష ఒక్కటే చాలదు, వరి కూడా పూల గుంపుదే.

ఇదే లెక్క మనిషికీ పనిచేస్తుంది. సీతంపేట కొండల్లో చోడి అంబలి తాగే మనిషి జుట్టులో, కింద వరి అన్నం తినే మనిషి జుట్టులో కార్బన్-13 పాళ్ళు వేరుగా ఉంటాయి. తిన్నది ఒంట్లో రాసి ఉంటుంది. పాత ఎముకల్ని బట్టి ఆ కాలంలో ఏం తిన్నారో చెప్పేది ఇలాగే.

పాతవాటి వయసు చెప్పేది కార్బన్-14. ఆకాశంలో కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన న్యూట్రాన్లు నైట్రోజన్‌ని కొడితే తయారవుతుంది, అర్ధాయుష్షు 5,730 ఏళ్ళు. బతికున్నంత కాలం మొక్క, జంతువు దాన్ని తీసుకుంటూనే ఉంటాయి, చనిపోయాక రాబడి ఆగిపోయి ఖర్చే మిగులుతుంది. అమెరికా రసాయన శాస్త్రవేత్త లిబ్బీ ఈ పద్ధతి కనిపెట్టి 1960లో నోబెల్ తీసుకున్నాడు. వంశధార ఒడ్డున శాలిహుండం, ఇటు రామతీర్థం లాంటి పాత బౌద్ధ శిథిలాలు చూడటానికి వెళ్ళినప్పుడు "ఈ రాళ్ళకి కార్బన్ డేటింగ్ చేశారా" అని అడుగుతుంటారు. రాయికి, ఇటుకకి అది పనికిరాదు. ఆ పొరలో దొరికిన బొగ్గుకో ఎముకకో చేయాలి. 50 వేల ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు.

బరువు తేడా బాగా కనిపించేది హైడ్రోజన్‌లో. న్యూట్రాన్ ఒకటి చేరితే బరువు రెట్టింపు. ఆ డ్యుటీరియంతో చేసిన నీరే భారజలం. 3.8 డిగ్రీలకే గడ్డకడుతుంది, 101.4 దగ్గర మరుగుతుంది, ఆ మంచుగడ్డని మామూలు నీళ్ళలో వేస్తే మునుగుతుంది. తెలంగాణలో మణుగూరు ప్లాంటు చేసేది ఇదే.

ఇది కొవ్వాడ ప్రశ్నకి దారి తీస్తుంది. మన దేశం సొంతంగా కట్టుకున్న రియాక్టర్లలో ఎక్కువ భాగం సహజ యురేనియం, భారజలంతో నడిచేవి. సహజ యురేనియంలో చీలే రకం 235 ఉన్నది 0.72 శాతమే, మిగతా అంతా 238. న్యూట్రాన్ల జోరు తగ్గించడానికి రియాక్టర్‌లో నీళ్ళు పెడతారు; మామూలు నీళ్ళు న్యూట్రాన్లని కొంత మింగేస్తాయి, భారజలం దాదాపు మింగదు, కాబట్టి ఆ కొద్దిపాటి 235తోనే నెట్టుకురావచ్చు. రణస్థలం మండలం కొవ్వాడలో ప్రతిపాదించినవి అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ వారి ఏపీ1000 రకం రియాక్టర్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లు, మొత్తం ఆరు. వాటికి మామూలు నీరే, బదులుగా 235 పాలు 5 శాతం లోపు దాకా పెంచిన యురేనియం కావాలి. రసాయనికంగా ఒకటే అయినవాటిని విడదీయాలంటే బరువు తేడాయే ప్రధానమైన దారి. యురేనియంని ఫ్లోరిన్‌తో కలిపి వాయువు చేసి సెంట్రిఫ్యూజ్‌లలో (అతివేగంగా తిరిగే గొట్టాలు) తిప్పుతారు, రెండు అణువుల బరువులు 349, 352. నూటికి ఒకటి కూడా తేడా లేదు. ఫ్లోరిన్‌కి ప్రకృతిలో ఒక్క ఐసోటోపే ఉండటం ఇక్కడ మన అదృష్టం, రెండు ఉంటే లెక్క కలగాపులగమయ్యేది. ప్లాంటు కావాలా వద్దా అన్నది భూములు, చేపల వేట, నీళ్ళు, భద్రత అన్నీ కలిసిన గొడవ, అది వేరుగా మాట్లాడుకోవాలి.

భావనపాడు, కళింగపట్నం తీరాల్లో అలలు వెనక్కి పోయాక ఇసుక మీద నల్ల చారలు, ఎర్ర చారలు కనిపిస్తాయి. నల్లది ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రది గార్నెట్, రెండూ రేడియోధార్మికం కావు. వాటితో పాటు కొద్దిగా మోనజైట్ అనే తేనె రంగు ఖనిజం ఉంటుంది, థోరియం ఉన్నది అందులో. థోరియం-232 అర్ధాయుష్షు 1,400 కోట్ల ఏళ్ళు, ముందు చెప్పిన సూత్రం ప్రకారం చాలా నిదానం మనిషి. ఒడ్డున నడిచినా, పిల్లలు గూళ్ళు కట్టినా కంగారు అక్కర్లేదు. మోనజైట్‌ని విడదీసి పోగుచేసే చోట, ఆ దుమ్ము పీల్చే కార్మికులకి మాత్రం జాగ్రత్తలు కావాలి. థోరియం తనంతట తాను రియాక్టర్‌ని నడపలేదు. న్యూట్రాన్‌ని మింగి, రెండు మెట్లు మారి, యురేనియం-233 అయితేనే చీలుతుంది. ఆ 233తో నడిచే చిన్న రియాక్టర్ కామిని కల్పాక్కంలో ఉంది.

స్కాన్‌కి వెళ్ళేటప్పుడు పాత క్రియాటినిన్ రిపోర్టులు, వాడే బీపీ మందుల చీటీ తీసుకెళ్ళండి. అక్కడ అమ్మగారి ఎత్తు, బరువు సరిగ్గా కొలిపించండి, జీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) లెక్కలో ఆ రెండూ పడతాయి, అంచనాగా చెప్పేస్తే అంకె తేడా వస్తుంది. రిపోర్టు వచ్చాక పేరు చెరిపేసి కుడి, ఎడమ శాతాలు, జీఎఫ్ఆర్ అంకె ఇక్కడ పెడితే ఏది దేన్ని చెప్తుందో వివరిస్తాను. ఏ కిడ్నీ తీయాలన్నది మాత్రం మీ నెఫ్రాలజిస్టు, సర్జన్ తేల్చాల్సిందే.